ఫెర్డినాండ్ పోర్షే

చిత్తూరు జిల్లాలోని రామకుప్పము చుట్టును గుట్టలుగల సీమ. ఆ ప్రాంతపు రైతులు పూర్వము కుప్పము రైలుస్టేషనునకు ఎడ్లబండ్లమీద పోవుచుండిరి. ఎడ్లబండికి కమానులు లేవు. ఇరుసుమీద చట్రము, చట్రముమీద మనుష్యులు. చక్రమునకు తగిలిన ప్రతిరాయియు బండిలో కూర్చున్నవాని వెన్నెముకకు తెలిసెడిది. రోగులను వైద్యునియొద్దకు కొనిపోవునప్పుడు బండిలో ఎండుగడ్డి దట్టముగా పరచి, ఎడ్లను మెల్లగా నడిపెడివారు. జట్కాబండి వచ్చిన పిమ్మట ఈ బాధ కొంత తగ్గెను. జట్కా ఇరుసునకును పెట్టెకును నడుమ ఉక్కుపట్టీల కమానులుండుటయే అందులకు కారణము. రాయి తగిలినప్పుడు చక్రము లేచును; కమాను వంగును; పెట్టె మాత్రము అంతగా కదలదు.

బండి యనగానే లోకము దాని వేగమును, దానిని లాగు శక్తిని మెచ్చుకొనును. నేలకును మనిషికిని నడుమ నిలిచి దెబ్బను తాను ఓర్చుకొను కమానును తలచువారు అరుదు. అయినను వేగము పెరిగినకొలది కమానుయొక్క అవసరము పెరుగును. విద్యుత్తుతో నడచు కారునకు తొలిరూపము నిచ్చినవారిలో ఒకడై, నడివయస్సు దాటిన తరువాత కారు కమానులకే క్రొత్తరూపు నిచ్చిన శిల్పి ఫెర్డినాండ్ పోర్షే. అతని జీవితమున మెచ్చదగినది చాల కలదు. చూచి జాగ్రత్తపడవలసినదియు కలదు.

పోర్షే 1875వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన మాఫర్స్‌డార్ఫ్ అను గ్రామమున జన్మించెను. ఆ గ్రామము ఆనాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమున బొహీమియా రాష్ట్రములో నుండెను. నేడది చెక్ దేశములోనిది. అతని తండ్రి ఆంటన్ రేకుపనిలో ఆరితేరినవాడు. ఊరివారికి కావలసిన పాత్రలు, గొట్టములు మొదలగునవి చేసి గౌరవముగా బ్రదుకుచుండెను. కుమారుడును తన దుకాణముననే సుత్తె పట్టి, తన తరువాత ఆ పనిని నిలుపవలెనని అతని కోరిక. బాలుడు పగలంతయు తండ్రియొద్ద పనిచేసి, సాయంకాలము సమీపమున నున్న రైఖెన్‌బర్గు పట్టణమునకు పోయి, అచ్చటి సాంకేతిక పాఠశాలలో చదువుకొనుచుండెను.

ఆ గ్రామమున గింజ్‌కీ వారి తివాచీల కర్మాగారము ఒకటి యుండెను. చుట్టుప్రక్కల నూళ్లలో ఇంకను నూనెదీపములు వెలుగుచుండగా ఆ కర్మాగారమున విద్యుద్దీపములు వెలిగెను. ఆ వెలుగు బాలుని మనస్సు నాకర్షించెను. తీగలను, బ్యాటరీలను కూర్చుకొని ఇంటిలో చాటుగా పరీక్షలు చేయసాగెను. తండ్రికి ఇది పనికిమాలిన పిచ్చిగా తోచెను. కాని పదునెనిమిదేండ్ల ప్రాయము నాటికి ఆ కుర్రవాడు తన తండ్రి యింటిలోనే విద్యుద్దీపములు వెలిగించెను. కన్నులార చూచిన పిమ్మట తండ్రికి కాదనుటకు మాట లేకపోయెను. 1893లో అతడు కుమారుని వియన్నా నగరమునకు పంపుటకు సమ్మతించెను.

వియన్నాలో బేలా ఎగ్గర్ అను విద్యుద్యంత్రముల సంస్థలో పోర్షే చిన్న పనివాడుగా చేరెను. కళాశాలలో చదువుటకు తగిన ధనము గాని, యోగ్యతాపత్రము గాని అతనికి లేవు. పని ముగిసిన తరువాత అతడు వియన్నా సాంకేతిక విద్యాలయమునకు పోయి, అనుమతి లేకయే తరగతిగదులలో కూర్చుండి ఉపన్యాసములు వినుచుండెను. అతడు పొందిన ఉన్నతవిద్య యంతయు అదియే. అయినను కొలది యేండ్లలోనే ఆ సంస్థయందు పరీక్షావిభాగమునకు అధిపతి యయ్యెను. ఏ విద్యాలయమున అతడు దొంగచాటుగా పాఠములు వినెనో, ఆ విద్యాలయమే 1917లో అతనికి గౌరవ డాక్టరు బిరుదము నొసగెను.

ఆ కాలమున వియన్నాలో జాకబ్ లోనర్ కంపెనీవారు రాజకుటుంబములకు గుర్రపుబండ్లు చేసి యిచ్చెడివారు. గుర్రముల కాలము ముగియనున్నదని గ్రహించి వారు విద్యుత్తుతో నడచు బండ్లు చేయసంకల్పించిరి. పెట్రోలు ఇంజను ఆనాడు పెద్దచప్పుడు చేయుచు, పొగ గ్రక్కుచు, చేతితో త్రిప్పిన గాని కదలక యుండెడిది. విద్యుత్ బండియో మీట నొక్కగానే నిశ్శబ్దముగ కదలెడిది. ఈ పనికి వారు పోర్షేను చేర్చుకొనిరి.

అప్పటి కార్లలో ఇంజను శక్తి గొలుసులద్వారా, పండ్లచక్రములద్వారా తిరిగి తిరిగి చక్రమును చేరుచుండెను. దారిలో కొంతశక్తి వ్యర్థమగుచుండెను. మోటారును చక్రముయొక్క నాభిలోనే, అనగా మన బండివారు కుండ యనుచోటనే, అమర్చినచో గొలుసు లేల, పండ్లచక్రము లేల అని పోర్షే ఆలోచించెను. 1900వ సంవత్సరమున పారిస్ నగరమున జరిగిన మహాప్రదర్శనమున లోనర్-పోర్షే కారు ప్రజలకు కనబడెను. దాని ముందుచక్రములు రెండింటి నాభులలోను విద్యుత్ మోటారు లుండెను. అవి చేతిలోని బొంగరమువలె తమంత తామే తిరుగుచుండుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. అది గంటకు 50 కిలోమీటర్ల వేగము వరకు పోగలిగెను. పోర్షేకు అప్పటికి ఇరువదియైదేండ్లు నిండవచ్చుచుండెను.

కాని ఆ కారునకు రెండు కష్టములుండెను. మొదటిది బ్యాటరీ బరువు. సీసపు పలకలు గల ఆ బ్యాటరీ ఒక్కటియే 410 కిలోగ్రాములు తూగెను. అది యొసగు శక్తితో కారు సుమారు 50 కిలోమీటర్లు పోయి ఆగిపోవును. ఇంగ్లండులోని లూటన్ పట్టణమునుండి హార్ట్ అను నతడు నాలుగు చక్రములకును మోటారులు గల కారు కావలెనని కోరగా పోర్షే చేసి యిచ్చెను. దానికి పెట్టిన బ్యాటరీ 1,800 కిలోగ్రాములు. బండి మనుష్యులను మోయుటకు బదులు తన ఆహారమును తానే మోయవలసివచ్చెను.

రెండవ కష్టము వెంటనే కంటికి కనబడదు. ఏ బండికైనను బరువు రెండువిధములు. కమానునకు పైనున్న బరువు ఒకటి. కమానునకు క్రింద, చక్రముతోపాటు లేచిపడు బరువు మరియొకటి. చక్రము తేలికగానున్నచో గతుకు తగిలినప్పుడు చటుక్కున లేచి, చటుక్కున దిగి, నేలను విడువక పట్టుకొనును. చక్రము మిక్కిలి బరువైనదైనచో ఒకసారి లేచిన పిమ్మట దానిని కమాను అదుపులో నుంచజాలదు. ఆ దెబ్బ పైనున్న పెట్టెకును తగులును. చక్రము నేలను విడిచిన క్షణమున కారు మలుపు తిరుగజాలదు, ఆగజాలదు. మోటారును నాభిలో పెట్టుటవలన గొలుసులు పోయెను గాని, ఆ మోటారు బరువంతయు కమానునకు క్రిందికి చేరెను. గుర్రపుబండినుండి తెచ్చిన పట్టీల కమానులకు అది మోయరాని భారము. ఒక చిక్కును విప్పినచో అందుండి మరియొక చిక్కు పుట్టుట యంత్రవిద్యలో సామాన్యము.

మొదటి కష్టమునకు పోర్షే ఆనాడే ఒక యుపాయము కనిపెట్టెను. పెద్దబ్యాటరీని తగ్గించి, పెట్రోలు ఇంజనుతో డైనమోను త్రిప్పి, అందుండి పుట్టిన విద్యుత్తును చక్రములలోని మోటారులకు పంపెను. నేడు హైబ్రిడ్ అని పిలువబడు కార్లకు ఇది పూర్వరూపము. రెండవ కష్టమునకు సరియైన కమాను దొరకుటకు ఇంకను ముప్పదియేండ్లు పట్టెను.

1906లో పోర్షే ఆస్ట్రో-డైమ్లర్ కంపెనీలో ముఖ్యశిల్పిగా చేరెను. అతనికి బల్లయెదుట కూర్చుండి బొమ్మలు గీయుటతో తృప్తి లేదు. తాను గీచిన కారును తానే నడిపి, దాని గుణదోషములు దేహముతో తెలిసికొనెడివాడు. 1910లో ప్రిన్స్ హైన్‌రిఖ్ పేరిట జరిగిన దూరపు పందెమున తన కారును తానే నడిపి మొదటి బహుమతి పొందెను. ఆ పందెమున రెండవ, మూడవ స్థానములును అతని కార్లకే దక్కెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున అతడు పెట్రోలుతో విద్యుత్తు పుట్టించి, ఆ విద్యుత్తుతో వెనుక బండ్ల చక్రములను త్రిప్పు ఏర్పాటు చేసెను. అది పెద్దఫిరంగులను లాగుటకు ఉపయోగపడెను. ప్రజల విహారమునకై పుట్టిన విద్య యుద్ధమునకు పనిచేయుట అది మొదటిసారి. తుదిసారి మాత్రము కాదు.

1923లో అతడు జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమునకు పోయి డైమ్లర్ కంపెనీలో చేరెను. అచ్చట అతడు తీర్చిన మెర్సిడిస్ పందెపుకార్లు లోకప్రసిద్ధి గాంచెను. కాని ధనికులకు మాత్రమే చాలు పెద్దకార్లకంటె సామాన్యునికి అందుబాటైన చిన్నకారు చేయవలెనని అతని అభిలాష. కంపెనీ పెద్దలకు ఆ మాట రుచింపలేదు. అతడు ఆ కొలువు విడిచి ఆస్ట్రియాలోని స్టైర్ కంపెనీలో చేరెను. ఇంతలో 1929 నాటి ఆర్థికమాంద్యము వచ్చి ఆ కొలువును పోయెను. అప్పటికి అతని వయస్సు ఏబదియైదేండ్లకు చేరుచుండెను. ఆ వయస్సున అనేకులు విశ్రాంతిని కోరుదురు. పోర్షే 1931లో స్టుట్‌గార్ట్ నగరమున సొంత శిల్పకార్యాలయమును స్థాపించెను. కార్ల్ రాబే మొదలగు నేర్పరులు కొందరు అతనితో చేరిరి. మునుపు కార్లపందెములలో పేరుపొందిన అడాల్ఫ్ రోసెన్‌బర్గర్ అను యూదుడు ధనసహాయము చేసి భాగస్వామి యయ్యెను.

ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే పోర్షే మెలికడ్డీ కమానునకు హక్కుపత్రము కోరెను. ఊయెలలో కూర్చున్న బాలుడు త్రాళ్లను గట్టిగా మెలిపెట్టి వదలినచో ఆ మెలి తనంతట తానే విడివడి ఊయెల గిరగిర తిరుగును. ఉక్కుకడ్డీకి కూడ ఈ గుణము కలదు. ఒక కొనను కదలకుండ బిగించి, రెండవ కొనను త్రిప్పినచో కడ్డీ కొంచెము మెలిపడును. వదలినంతనే పూర్వస్థితికి వచ్చును. పోర్షే ఇట్టి కడ్డీని కారు చట్రమునకు అడ్డముగా ఒక గొట్టములో అమర్చి, లోపలికొనను చట్రమునకు బిగించెను. వెలుపలికొనకు ఒక చేయి తగిలించి, ఆ చేతి చివర చక్రము నుంచెను. గతుకు తగిలి చక్రము లేచినప్పుడు ఆ చేయి కడ్డీని మెలిపెట్టును. గతుకు దాటగనే కడ్డీ మెలి విడిచి చక్రమును తిరిగి నేలకు నొక్కును.

మెలికడ్డీ భావము పూర్తిగా క్రొత్తది గాదు. కాని దానిని చవుకగా, చిన్న కారునకు ఇముడునట్లు కూర్చుట పోర్షే ఘనత. పట్టీల కమాను చాలబరువు; అందులో కొంతభారము చక్రముతోపాటు లేచిపడుచుండును. పట్టీలు ఒకదానినొకటి రాచుకొని, తుప్పుపట్టి బిగిసిపోవును. మెలికడ్డీ భారమంతయు చట్రముమీదనే యుండును, చక్రము తేలికపడును. అదియును గాక ప్రతి చక్రము వేరువేరుగా లేచిపడును గాన, కుడిచక్రము గుంటలో పడినంతమాత్రమున ఎడమచక్రము ఒరగదు. కడ్డీకొననున్న పండ్లను కొంచెము జరిపి బిగించినచో కారు ఎత్తును సరిచేసికొనవచ్చును. కడ్డీలోని ఉక్కు మాత్రము శుద్ధమై, సరిగా పదునుపెట్టినదై యుండవలెను. లేనిచో ఒక చిన్న గీత చాలును, కడ్డీ విరుగుటకు.

కమాను మెత్తనిదైనచో ప్రయాణము సుఖము. కాని మలుపులలో కారు పడవవలె ఒరగును. బిగువైనదైనచో కారు త్రోవను గట్టిగా పట్టుకొనును. కాని కూర్చున్నవారికి కుదుపు హెచ్చును. ఈ రెండింటికి నడుమ సమత్వము సాధించుటయే కమాను చేయువాని నేర్పు. కమాను ఒక్కటియే యున్నచో ఒకసారి లేచిన బండి ఊయెలవలె లేచిపడుచునే యుండును. అందుచేత ఆ ఊగులాటను అణచుటకు షాక్ అబ్సార్బరను సాధనమును తోడుచేయుదురు. కమాను దెబ్బను ఓర్చుకొనును. షాక్ అబ్సార్బరు ఆ దెబ్బ జ్ఞాపకమును తుడిచివేయును. ఈ రెండును కూడినప్పుడే బండికి సుఖమును, పట్టును లభించును.

ఇంతలో జర్మనీ రాజకీయములు మారిపోయెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ప్రతి కుటుంబమునకును వేయి మార్కులలోపు వెలగల కారు కావలెనని అతడు ప్రకటించెను. పోర్షే చిరకాలముగా కనుచున్న కల యదియే. 1934లో ఆ కారును నిర్మించు ఒడంబడిక పోర్షేకు లభించెను. అడిగిన ధనము, అడిగిన పనివారు దొరకుటచే అతడు ఆ యిచ్చువాని చేతులవంక చూడలేదు. 1937లో నాజీపక్షమున సభ్యుడుగా చేరెను.

పనివిషయమున మాత్రము అతని శ్రద్ధ అసామాన్యము. 1936లో తొలికార్లు మూడింటిని కొండదారులలోను, పెద్దబాటలలోను ఒక్కొక్కటి సుమారు 50,000 కిలోమీటర్లు నడిపించి పరీక్షించిరి. విరిగిన ప్రతిభాగమును వ్రాసికొని, దిద్ది, మరల నడిపిరి. ముందు వెనుకల మెలికడ్డీ కమానులు, వెనుకభాగమున గాలితో చల్లబడు ఇంజను, గుండ్రని వీపు గల ఆ కారునకు వోక్స్‌వాగన్ అని పేరు. అనగా ప్రజల కారని అర్థము. దాని యాకారమునుబట్టి తరువాత లోకులు బీటిల్, అనగా పేడపురుగువంటి కారని ముద్దుగా పిలిచిరి.

ఆ కారుకొరకు మూడులక్షలకు పైగా జర్మను కుటుంబములు వారమునకు 5 మార్కుల చొప్పున దాచుకొనిరి. వారిలో ఒక్కరికైనను ఆనాడు కారు చేతికి రాలేదు. 1939లో యుద్ధము ప్రారంభమయ్యెను. ప్రజల కారునకై కట్టిన కర్మాగారమున సైన్యపుకార్లు తయారయ్యెను. యుద్ధకాలమున ఆ కర్మాగారమున సుమారు 20,000 మంది చేత వెట్టిచాకిరి చేయించిరి. వారు జయించిన దేశములనుండి బలాత్కారముగా తెచ్చినవారు, యుద్ధఖైదీలు, నిర్బంధశిబిరములలోనివారు. ఆ కర్మాగార నిర్వాహకులలో పోర్షేయు ఒకడు. ఆ దీనుల స్థితిని అతడెరుగడనుట పొసగదు.

అంతకుముందే మరియొక అన్యాయము జరిగెను. కార్యాలయమును స్థాపించినప్పుడు ధనమిచ్చి ఆదుకొన్న రోసెన్‌బర్గర్ వాటాను 1935లో నామమాత్రపు వెలకు తీసికొనిరి. ఆ యేడే అతడు యూదుడైన కారణమున నిర్బంధింపబడెను. విడుదలయైన పిమ్మట అతడు స్వదేశము విడిచి తుదకు అమెరికా చేరెను. ఆపదలో తోడైనవానికి ఆపద వచ్చినప్పుడు తోడుండుట మానవధర్మము. ఆ ధర్మము ఇచ్చట నిలువలేదు.

1900లో జనులకు వినోదము గొలిపిన విద్య 1943లో మరల భూమిమీదికి వచ్చెను. ఈసారి దాని రూపము వేరు. పెట్రోలు ఇంజనులతో డైనమోలను త్రిప్పి, విద్యుత్ మోటారులతో నడచు 65 టన్నుల యుద్ధశకటములను పోర్షే రచించెను. సుమారు 90 శకటములు తయారయ్యెను. వానికి ఫెర్డినాండ్ అని అతని పేరే పెట్టిరి. ఆ శకటములకును మెలికడ్డీలే కమానులు. రష్యాలోని కుర్స్క్ రణభూమిలో అవి పోరాడెను. అనేకములు అచ్చటనే నాశనమయ్యెను. తన పేరు పసిపాపకో, పాఠశాలకో పెట్టబడుట వేరు. ప్రాణములు తీయు శకటమునకు పెట్టబడుట వేరు.

యుద్ధము ముగిసిన పిమ్మట 1945 డిసెంబరులో ఫ్రెంచివారు పోర్షేను నిర్బంధించిరి. ఫ్రాన్సులోని పెజో కర్మాగారపు విషయమున అతనిపై నేరము మోపిరి. ఏడుపదుల వయస్సున అతడు డిజోన్ చెరసాలలో చలికిని, రోగమునకును గురియయ్యెను. కుమారుడు ఫెర్రీ ఒక ఇటలీ సంస్థకు పందెపుకారు రచించి యిచ్చి, ఆ సొమ్ముతో పూచీధనము కట్టగా 1947 ఆగస్టులో తండ్రి విడుదలయ్యెను. ఫ్రెంచి న్యాయస్థానము తరువాత ఆ నేరమును కొట్టివేసెను. వెట్టిచాకిరి విషయమున మాత్రము అతనిపై విచారణ యనునది జరుగనేలేదు.

1948లో ఫెర్రీ ఆస్ట్రియాలోని గ్ముండ్ అను చిన్న యూరిలో ఒక తేలికకారును నిర్మించెను. పోర్షే అను పేరుతో వెలువడిన మొదటి కారు అదియే. అందును తండ్రి కనిపెట్టిన మెలికడ్డీ కమానులే యుండెను. వోక్స్‌వాగన్ కర్మాగారమును ఇంగ్లీషు సైనికాధికారులు మరల నిలబెట్టిరి. 1950 నవంబరులో వృద్ధుడైన పోర్షే అచ్చటికి పోయెను. తాను కాగితముమీద గీచిన కారు వేలకొలదిగా బాటలమీద సామాన్యజనులను మోయుచుండుట అతడు చూచెను. పిమ్మట కొలది దినములకే పక్షవాతము వచ్చి మంచము పట్టెను. 1951వ సంవత్సరము జనవరి 30వ తేదీన స్టుట్‌గార్ట్ నగరమున కన్ను మూసెను.

అతని కమాను అతని తరువాతను బ్రతికెను. బీటిల్ కారు 2003 వరకు తయారయ్యెను. దాని మొత్తపు సంఖ్య 2 కోట్ల 15 లక్షలకు పైమాట. కట్టకడపటి కారునకు కూడ మెలికడ్డీలే ఆధారము. మన దేశమున చిరకాలము మంత్రులను, అధికారులను, అద్దెకు పోవువారిని మోసిన అంబాసిడర్ కారు ముందుచక్రములకును అదే సూత్రము ఆధారమయ్యెను. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రునిమీద నడిపిన బండి విద్యుత్తుతో నడచెను. దాని నాలుగు చక్రములకును వేరువేరు మోటారులు. ప్రతి చక్రమునకును మెలికడ్డీల కమాను. చక్రమునకు మోటారు, చక్రమునకు మెలికడ్డీ, ఈ రెండు భావములు చంద్రమండలమున ఒకే బండిలో కలిసికొనెను.

నేడు విద్యుత్ కార్లు మరల బాటలకు వచ్చినవి. వాని బ్యాటరీలు వందలకొలది కిలోగ్రాములు తూగును. ఆ బరువును నేలకు దగ్గరగా, కారు అడుగుభాగమున పరచుటవలన మలుపులలో కారు సులభముగ ఒరగదు. కాని అంతబరువును మోయు కమానులు బిగువుగా నుండవలెను. అట్లున్నచో చిన్నగతుకులు కూడ తెలియును. కుదుపు తగ్గించి పట్టు పెంచవలెనని కమానులను, షాక్ అబ్సార్బరులను మార్చుకొనువారు 1900లో యువకుడైన పోర్షే నెదుర్కొన్న చిక్కునే నేడును ఎదుర్కొనుచున్నారు. కారు బరువును, చక్రము బరువును తూచి, దానికి తగిన కమాను నెన్నుకొనుట ఒక్కటే మార్గము. మిక్కిలి బిగించినను తప్పే. మిక్కిలి సడలించినను తప్పే.

రేకుపనివాని కుమారుడు రాత్రిబడిలో చదివి, ద్వారముచాటున పాఠములు విని, లోకము మెచ్చిన శిల్పి యయ్యెను. ఓటమికి క్రుంగక ఏబదియైదేండ్ల వయస్సున క్రొత్తజీవితము ప్రారంభించెను. ఈ పట్టుదల ప్రతి విద్యార్థికిని అనుసరణీయము. కాని బండి యెంత చక్కనిదైనను అది యెవరిని మోయుచున్నది, ఎచ్చటికి పోవుచున్నది అను ప్రశ్న మిగిలియుండును. పోర్షే తన విద్యను చేయి చాచినవారి కెల్ల అందించెను; ఆ చేయి యెట్టిదని అడుగలేదు. గతుకుబాటలో కమాను లేని బండిలో కూర్చున్నవాని బాధ అతనికి తెలిసెను. తన కర్మాగారముననే వెట్టిచాకిరి చేయుచున్నవాని బాధ అతనిని కదలింపలేదు. ఇంజనునకు కమాను వలెనే విద్యకు దయ అవసరము. అది లేని విద్య ఎంత వేగముగా పోయినను, దాని క్రింద నలుగువారు మనుష్యులే.